తెర వెనకాల దొరలంతా ఎడమచేతివాళ్ళే

పోయిన ఆదివారం మా మేనత్త మా ఇంట్లో టీవీ ముందు కూర్చుని సినిమా విన్నది. చూసింది అనడానికి లేదు. రెండు కళ్ళకీ ఆపరేషన్ అయినా చూపు మసకే. మనిషి ఆకారం తెలుస్తుంది గానీ మొహం తెలీదు. "దాంతో లాభమే ఎక్కువ, నువ్వు ముసల్దానివైన సంగతి నాకు తెలీకుండా పోయింది" అంటుంది నాతో. నా మనవరాలు ఫోన్లో ఏదో నొక్కి టీవీలోకి ఒక పాతకాలం ఇంగ్లీషు సినిమా పంపించింది. నలుపూ తెలుపూ. గుర్రాలు, దుమ్ము, గొడుగులంత టోపీలు. నేను వంటింట్లో కారం దోశెలు పోస్తున్నాను.

"మే, వాడు తుపాకీ ఏ చేత్తో తీసినాడే?" అని అత్త అడగడం వినపడింది.

"కుడి చేత్తో, పెద్దవ్వా."

"అట్టయితే అది మన సినిమా కాదులే. మార్చు."

పిల్ల వంటింట్లోకి వచ్చి, "అవ్వా, పెద్దవ్వకి ఏమైంది?" అని గొంతు తగ్గించి అడిగింది. ఏమీ కాలేదని చెప్పినాను. ఆమె బుర్ర బ్రహ్మాండంగా ఉందనడానికి ఆ ఒక్క మాట చాలు. అయితే అది అర్థం కావాలంటే బిట్రగుంట దాకా పోవాలి, అదీ బొగ్గు ఇంజను తగిలించిన పాసింజరు బండిలో. పిల్లకి అంత ఓపిక లేదు, దోశె తీసుకుని పోయింది. కాబట్టి మీకు చెప్తున్నాను.

నేను పుట్టడమే ఎడమచేతి వాటంతో పుట్టినాను. మా ఊరు ఇందుకూరుపేట తట్టు, సముద్రానికి దగ్గర. సముద్రపు గాలి ఎటు తోస్తే అటు వాలి పెరిగిన తాటిచెట్లు మా ఊరి బాట పొడుగునా ఉండేవి. వాటిని ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నన్ను మాత్రం పొద్దున లేచినప్పటి నుంచీ అనేవాళ్ళు. అన్నం ముద్ద ఎడమ చేతికి పోయేది, పలక బలపం ఎడమ చేతికి పోయేది, చెంబు ఎడమ చేత్తోనే అందించేదాన్ని. మా జేజి, అంటే మా నాయనకి అమ్మ, ఆ చెంబులో నీళ్ళు పారబోసి మళ్ళీ తెమ్మనేది.

జేజి చెడ్డది కాదు. భయం ఆమెకి. "రేపు ఒక ఇంటికి పోవాల్సిన పిల్ల. ఎడం చేత్తో వడ్డిస్తే ఏ ఇంటోళ్ళు తింటారే దాని చేతి కూడు?" అనేది మా అమ్మతో. మా అమ్మ తల వంచుకుని చేటలో బియ్యం చెరిగేది. మా నాయన "అమ్మ చెప్పినట్టు చెయ్యండి" అని వరి కయ్యల మీదికి పోయేవాడు. మగవాళ్ళకి అప్పట్లో కయ్యలు ఎంత సాయమో చెప్పలేను. ఇంట్లో ఏ గొడవ మొదలైనా అక్కడ నీళ్ళు కట్టాల్సి వచ్చేది.

చివరికి జేజి ఒక ఉపాయం చేసింది. తన పాత రవిక గుడ్డతో ఒక చిన్న సంచి కుట్టి, నాడా పెట్టి, దాన్ని నా ఎడమ చేతికి తొడిగి మణికట్టు దగ్గర ముడేసింది. పొద్దున వేస్తే పడుకోబోయేటప్పుడు విప్పేది. ఆ చెయ్యి ఇంక సంచిలోనే, పుట్టలో పాము మాదిరి. మొదటి రోజు ఏడ్చినాను. రెండో రోజు ఆ సంచిలో చోటు చాలా ఉందని కనిపెట్టినాను. ఉట్టి మీది బెల్లం గడ్డలు, వేయించిన వేరుశనక్కాయలు, పక్కింటి చింతకాయలు, అన్నీ అందులోకే. ఎవరూ వెతకరు గదా, శిక్ష వేసిన చోట దొంగ సొమ్ము ఉంటుందని ఎవరనుకుంటారు. ఒక మధ్యాహ్నం బెల్లానికి చీమలు చేరినాయి. నేను ఇల్లెగిరిపోయేట్టు అరిచినాను. జేజి ముడి విప్పి, ఎర్రగా వాచిన చేతిని అందరికీ చూపించి, "చూసినారా, చీమలు గూడా ఈ చేతినే కుట్టినాయి" అనింది.

సరిగ్గా ఆ వారమే మా అత్త పుట్టింటికి వచ్చింది. జేజికి ఒక్కగానొక్క కూతురు. పిల్లల్లేరు. మామ బిట్రగుంటలో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు కొట్టే పని. అత్త గడపలో కాలు పెట్టి, నన్ను చూసి, చేతి సంచి కింద పెట్టను గూడా లేదు.

"ఏందమా ఇది? పిల్ల చేతికి ఎద్దు మూతికి కట్టినట్టు చిక్కం కట్టినావు?"

"నీకు తెలీదు, గమ్మునుండు."

"నాతో పంపీ. సెలవులు అయ్యేలోపల కుడి చెయ్యి నేర్పిచ్చి పంపిస్తా."

"నేర్వకపోతే?"

"నేర్వకపోతే నీ ఇష్టం."

జేజి కొంచెం ఆలోచించి తీర్పు చెప్పింది. బళ్ళు తెరిచే ముందు తనే బిట్రగుంట వచ్చి చూస్తుంది. తనకి నేను అన్నం పెట్టాలి, కుడి చేత్తో. పెడితే సరే. లేకపోతే బడీ లేదు గిడీ లేదు, సంచి తొడుక్కుని ఇంట్లో పడుండాలి. నాకు బడి మీద ప్రేమ లేదు, తర్వాత ఏడో తరగతితో బడీ నేనూ ఒకరినొకరం వదిలేసుకున్నాం. కానీ సంచి తొడుక్కుని ఇంట్లో ఉండడం మాత్రం నా వల్ల కాదు. మేము రైలుకి బయల్దేరే రోజు జేజి ఆ సంచిని ఉతికి మడత పెట్టి నడుముకి దోపుకుంది. నాకు కనిపించేట్టుగా.

బిట్రగుంటలో అన్నీ నల్లగా ఉండేవి. క్వార్టర్సు గోడలు, వేపచెట్టు ఆకులు, ఆరేసిన చీరలు, చివరికి కాకులు గూడా మా ఊరి కాకుల కంటే ఒక పూత ఎక్కువ నలుపు. పొద్దున లేస్తే బొగ్గు పొగ వాసన, వేడి నూనె వాసన, దాని మధ్యలో నుంచి అత్త కట్టెల పొయ్యి మీద పులుసు వాసన. చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేసి రాత్రి పొయ్యి మీదే వదిలేసేది. పొద్దున సద్దన్నంలోకి అది పోసుకుని తింటే, ఇంజను కూత గూడా వినపడేది కాదు.

మొదట్లో అత్త నిజంగానే నేర్పించింది. నా ఎడమ చేతిని తన ఒడిలో పట్టుకుని కూర్చునేది. నేను కుడి చేత్తో చేప ముల్లు తీయబోయి ముల్లు తిని చేప పారేసేదాన్ని. మామ డ్యూటీ దిగి వచ్చి గుమ్మంలో కూర్చుని చూసేవాడు. "మే, నువ్వు తినేది చూస్తే నాకు చేప మీద జాలేస్తా ఉండాదే" అన్నాడు ఒకనాడు. అత్త నా చెయ్యి వదిలేసి, "శనివారం బొమ్మకి పోదాం, రెడీగా ఉండు" అనింది.

రైల్వే వాళ్ళకి అక్కడ ఒక క్లబ్బు ఉండేది. శనివారం శనివారం దాని మైదానంలో రెండు గుంజలకి తెల్ల తెర కట్టి సినిమా వేసేవాళ్ళు, ఎక్కువగా ఇంగ్లీషువి. దొరలు ఎప్పుడో వెళ్ళిపోయినా వాళ్ళ బొమ్మలు మాత్రం రేకు పెట్టెల్లో ప్రతి వారం పాసింజరులో దిగేవి. తెర ముందు తట్టు కుర్చీలు, ఆఫీసర్లకీ గార్డులకీ డ్రైవర్లకీ. కలాసీలు, ఫైర్‌మన్లు, వాళ్ళ ఇంటివాళ్ళు చాపలు తెచ్చుకుని తెర వెనక తట్టు కూర్చోవాలి. గుడ్డ తెర కాబట్టి బొమ్మ వెనక్కి గూడా దిగుతుంది, కాకపోతే కొంచెం మసక. దానికి మా వెనక తట్టు వాళ్ళు ఒక కిటుకు కనిపెట్టినారు. తెరని నీళ్ళతో తడిపితే బొమ్మ వెనకవైపుకి నిగనిగలాడతా వస్తుంది. అందుకని ఆట మొదలయ్యే ముందు మామ ఇద్దరు కలాసీలతో బకెట్లు మోసుకొచ్చి, క్లబ్బు సెక్రటరీ గారితో వినయంగా, "ఎండకి గుడ్డ పెళుసెక్కుతుంది సార్, తడపకపోతే చినుగుతుంది" అని చెప్పి తడిపేవాడు. పాపం ఆయన ప్రతి వారం మామకి థాంక్స్ చెప్పేవాడు.

ఆ చాపల మధ్య మా అత్త మహారాణి. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాకపోవడమే మంచిదయింది, కథ ఆమె చేతిలో ఉండేది. బొమ్మ కదలగానే మొదలుపెట్టేది: "ఈ మీసాలాయన ఊరికి పెద్ద. ఈ పొడుగు కాళ్ళామె ఆయన కూతురు. ఆ టోపీ వోడు మేనల్లుడు, ఇప్పుడే బండి దిగినాడు, పిల్లని అడగాలని వొచ్చినాడు." తెర మీద నిజంగా ఏం జరుగుతుందో దేవుడికెరుక. చుట్టూ ఆడవాళ్ళు "ఆ పిల్లకి ఇష్టమేనా?" అని అడిగేవాళ్ళు. "ఇష్టం లేకపోతే ఆ గౌను వేసుకుంటదా?" అనేది అత్త.

టోపీ వాడు ఆమె దగ్గరికి వచ్చి, మొహంలో మొహం పెట్టినాడు. పిల్లలం కళ్ళింత చేసుకుని చూస్తున్నాం. అత్త తడుముకోకుండా, "ఆమె కంట్లో నలక పడింది, ఊది తీస్తా ఉండాడు" అనింది.

"ఎంతసేపు తీస్తాడత్తా?"

"మొండి నలక."

ఆ దేశంలో నలకలు జాస్తి అని నాకు ఆ ఎండాకాలమే తెలిసింది. మంచు గూడా అక్కడే చూసినాను. కనుచూపు మేర తెల్లగా పరుచుకుని ఉంటే, మా ఉప్పు కయ్యల పక్కన పెరిగిన పిల్లని, "అత్తా, ఎంత ఉప్పు" అన్నాను. చుట్టుపక్కల చాపల వాళ్ళంతా తలూపినారు. ఇంత ఉప్పు పెట్టుకుని ఈ దొరలు మన దేశానికి ఎందుకు వచ్చినట్టని ఒకామె గట్టిగానే అనుమానపడింది.

అంతలో మీసాలాయన కాగితం ముందరేసుకుని సంతకం పెట్టినాడు. నేను అత్త మోచెయ్యి గిల్లినాను.

"అత్తా, ఆయన ఎడం చేత్తో రాస్తా ఉండాడు."

"ఏదీ, సరిగ్గా చూడు."

"నిజం అత్తా. నా మాదిరే."

"ఇంకెవురన్నా ఉండారేమో చూస్తా ఉండు" అని బొరుగుల పొట్లం నా ఒళ్ళో పెట్టింది.

చూస్తే ఏముంది, అందరూ అంతే. టోపీ వాడు తుపాకీ తీస్తే ఎడమ చెయ్యి. పొడుగు కాళ్ళామె టీ పోస్తే ఎడమ చెయ్యి. పోలీసు, బట్లరు, గుర్రాలకి గడ్డేసే ముసలాయన, ఒకరని లేదు. రీలు మార్చడానికి ఆపినప్పుడు నేను నా చేతిని ఎత్తి చూసుకున్నాను. మా ఇంట్లో ఒక్కదాన్నే అనుకుంటుంటే, సముద్రం అవతల నాకు ఒక దేశం దేశమే ఉంది. ఆ రాత్రి పులుసన్నం ఎడమ చేత్తో తిన్నాను. అత్త చూసి గూడా చూడనట్టు మజ్జిగ పోసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో కుడి చెయ్యి పాఠాలు జరగలేదు.

సెలవులు కరిగిపోయినాయి. ఒక శనివారం పొద్దున పాసింజరులో జేజి దిగింది, ఒక చేతిలో ఆవకాయ జాడీ, నడుముకి సంచి.

నేను పోయి అత్త వెనక నక్కినాను. అత్త మాత్రం, "ప్రయాణం చేసొచ్చినావు, పరీక్ష రేపు పెట్టుకుందువులే. సాయంత్రం బొమ్మకి పోదాం" అనింది.

"నాకెందుకే దొరల బొమ్మ?"

"చల్లగాలికి కూచుందువు రా."

మామ ఆ రోజు ఇంకో బకెట్ ఎక్కువ పోసినాడు. జేజి చాప మీద మఠం వేసుకుని కూర్చుని వక్కాకు నములుతా తెరని తప్పులు పట్టే చూపు చూసింది. బొమ్మ మొదలై ఎంతోసేపు కాలేదు, ఒక దొర ఎడమ చేత్తో తలుపు తట్టినాడు, ఎడమ చేత్తో టోపీ తీసినాడు, ఎడమ చేత్తో రొట్టె అందుకున్నాడు.

"ఏమే, వీళ్ళంతా ఎడంచేతోళ్ళా?" అనింది జేజి.

"నువ్వే చూడమా."

జేజి ఇంకాసేపు చూసి, వక్కాకు పక్కకి ఊసి, "అందుకే రాజ్యం పోగొట్టుకోని ఓడెక్కి పొయినారు" అనింది.

చాపలన్నీ విరగబడి నవ్వినాయి. నేను నా చేతిని పావడా కింద పెట్టేసుకున్నాను. నా దేశం దేశమంతా ఒక్క మాటతో ఓడిపోయింది. అత్త వైపు చూస్తే, ఆమె గూడా నవ్వుతోంది.

తర్వాత కథ మారింది. ఒక పేద తల్లి, ఆమె బిడ్డకి జబ్బు. బయట ఉప్పు కురుస్తోంది, అంటే మంచు. తల్లి గిన్నెలో ఏదో గంజి పెట్టుకుని స్పూనుతో బిడ్డ నోటికి అందిస్తుంటే బిడ్డ మొహం తిప్పుకుంటోంది. తల్లి తనే ఒక స్పూను తాగి, బాగుందన్నట్టు కళ్ళు పెద్దవి చేసి, నవ్వి, మళ్ళీ అందించింది. బిడ్డ మళ్ళీ తిప్పుకుంది. అత్త ఆ రోజు కథ చెప్పడం ఆపేసింది. ఎందుకు ఆపిందని ఎవరూ అడగలేదు. మా జేజి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "తాగమ్మా, ఒక్క గుక్క తాగు తల్లీ" అని తెరకి చెప్తోంది, అచ్చ తెలుగులో. అప్పుడే రీలు అయిపోయింది. లైటు వేసినారు. జేజి మొహం తడిగా ఉంది, తెర కంటే ఎక్కువ.

ఆట అయినాక పట్టాల పక్కన బాటలో ఇంటికి నడుస్తున్నాం. మామ ముందు లాంతరు పట్టుకుని పోతున్నాడు.

"ఆ బిడ్డ బతికింది గదే?" అనింది జేజి. అప్పటికే రెండు మూడు సార్లు అడిగింది.

"బతికింది అమా. తల్లి తాపిన గంజితో బతికింది." నాలుగడుగులు వేసి అత్త అడిగింది. "ఏ చేత్తో తాపింది అమా ఆమె?"

"ఏ చేత్తో ఏందే? తల్లి తాపింది. చెయ్యి ఎవురు చూసినారు?"

అనేసి జేజి నిలబడిపోయింది. మామ లాంతరు కొంచెం దూరం పోయి, వెనక అడుగుల చప్పుడు లేదని తనూ ఆగింది. షెడ్డులో ఏదో ఇంజను ఆవిరి వదిలింది. చేతిలో గెలిచే పేక ముక్క ఉండి గూడా అత్త నోరు మూసుకున్న సందర్భం నాకు తెలిసి అదొక్కటే.

తెల్లారి పరీక్ష. జేజి పీట మీద కూర్చుని పళ్ళెం ముందుకి జరిపింది. నేను కుడి చేత్తో పులుసు గరిటె ఎత్తినాను. గరిటె వణికింది, ఒక చేప ముక్క పళ్ళెం దాటి నేల మీద పడింది. జేజి ముక్కని చూసింది, నన్ను చూసింది.

"ఏ చెయ్యి నిలకడగా ఉంటే ఆ చేత్తో పొయ్యి. పులుసు నేలపాలు చెయ్యబాక."

నేను గరిటె చెయ్యి మార్చినాను. ఒక్క చుక్క కింద పడలేదు. జేజి కలుపుకుని, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు తక్కువ" అనింది అత్తతో. తర్వాత నాతో, "నువ్వు తినేది మాత్రం కుడి చేత్తో తిను. నలుగురిలో బాగుండదు" అనింది. అంతే తీర్పు. సాయంత్రం చూస్తే, నడుముకున్న ఆ రవిక సంచిలో వక్కలూ ఆకులూ పోసుకుని నాడా బిగిస్తోంది. అది చివరిదాకా ఆమె వక్కాకు సంచిగానే ఉండింది. నేను కూడబెట్టిన బెల్లం వాసన దాంట్లో నుంచి పోలేదనీ, అందుకే వక్కాకు రుచిగా ఉంటుందనీ నేను నమ్మేదాన్ని.

జేజి ఊరికి పోయి ఇంటింటికీ చెప్పింది, దొరలంతా ఎడమచేతివాళ్ళని. కళ్ళారా చూసొచ్చిన మనిషి, కాదనేదెవరు? కొన్నాళ్ళకి మైపాడు సముద్రం దగ్గరికి ఎవరో తెల్లాయన వచ్చినాడు. కుడి చేతిలో కెమెరా ఉంది కాబట్టి లేత కొబ్బరిబొండం ఎడమ చేత్తో అందుకున్నాడు. ఆ దెబ్బతో మా చుట్టుపక్కల ఇంక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

మరుసటి ఎండాకాలం నేను మళ్ళీ బిట్రగుంట పోయేసరికి మామ డ్రైవరు అయినాడు. నాకు కుర్చీ వచ్చింది. కొత్త గౌను వేసుకుని ముందు తట్టు కూర్చున్నాను. దొర వచ్చినాడు, తుపాకీ తీసినాడు. కుడి చేత్తో. నేను కుర్చీ దిగి తెర చుట్టూ వెనక్కి పరిగెత్తినాను. ఎడమ చెయ్యి. ముందుకి పరిగెత్తినాను. కుడి చెయ్యి. వాచ్‌మన్ చెవి పట్టుకునేదాకా తిరిగినాను. నాకు ఏడుపొచ్చింది. పోయి వెనక తట్టు చాప మీద అత్త పక్కన కూలబడినాను. మామకి కుర్చీలు వచ్చినా ఆమె మాత్రం చాప వదల్లేదు.

"అత్తా, దొరలు ఎడంచేతోళ్ళు కాదు."

"అబ్బో, కనిపెట్టేసినావా?"

"నీకు ముందే తెలుసా?"

"పెళ్ళైన కొత్తలో మీ మామ ఎవురి కాళ్ళో పట్టుకోని నాకు కుర్చీ సంపాదించినాడు. పట్టుచీర కట్టుకోని ఆట అయిందాకా నోరు మూసుకోని కూచున్నా. ముందు తట్టు నవ్వగూడదంట, మాట్లాడగూడదంట. వెనక తట్టు ఆడోళ్ళ నవ్వులు వినపడతా ఉంటే ఏడుపొచ్చింది. పక్కవారం నుంచి చాప చంకలో పెట్టుకున్నా."

"మరి జేజితో అబద్ధం చెప్పినావే?"

"నేనేం చెప్పినా? దొరలు ఎడంచేతోళ్ళని ఒక్క మాటన్నా అన్నానా నేను? నువ్వు చూసినావు, నువ్వన్నావు. మీ జేజి చూసింది, మీ జేజి అనింది." అని నా చేతిలో బొరుగులు పోసింది, ఎడమ చేతిలో. "ఏడవబాక. ముందు తట్టోళ్ళకి వాళ్ళ దొరలు, మనకి మన దొరలు."

ఇప్పుడు ఆ క్లబ్బు మైదానం లేదు, ఆ ఇంజన్లు లేవు, మామ లేడు. రేకు పెట్టెల్లో వచ్చే దొరలు ఫోన్లోకి దిగి, తెర తడపకుండానే నిగనిగలాడుతున్నారు. నా మనవరాలు గూడా ఎడమచేతిదే. హోంవర్కు రాసుకుంటుంటే ఎవరూ ఏమీ అనరు. అననందుకు నాకు అప్పుడప్పుడూ కొంచెం వెలితిగా ఉంటుంది, దానికి కథ లేకుండా పోయిందే అని.

ఆదివారం నేను పొయ్యి ఆపేసి, చేతులు తుడుచుకుని పోయి అత్త పక్కన కూర్చున్నాను. పిల్ల సినిమా మార్చలేదు, అదే నడుస్తోంది.

"ఇప్పుడేం చేస్తా ఉండాడే?" అనింది అత్త, నా చెయ్యి తడిమి నేనేనని పోల్చుకుని.

"టోపీ తీసి ఆమె దగ్గరికి పోతా ఉండాడు."

"పోయి?"

"ఆమె కంట్లో నలక పడింది అత్తా. ఊది తీస్తా ఉండాడు."

పిల్ల దోశె ముక్క గొంతుకి అడ్డం పడి దగ్గింది.

"ఆమె గడ్డం పట్టుకున్నాడా?"

"పట్టుకున్నాడు."

"ఏ చేత్తో?"

టీవీ పెద్దది. బొమ్మ నిగనిగలాడతా ఉంది. వాడి కుడి చెయ్యి, ఉంగరంతో సహా, ఆమె గడ్డం కింద స్పష్టంగా కనపడుతోంది. పిల్ల నా వైపే చూస్తోంది.

"ఎడం చేత్తో అత్తా."

"అట్టయితే మన సినిమానే" అని అత్త కాళ్ళు చాపుకుంది. "సౌండు పెంచమనవే ఆ పిల్లని."